ఒకరి పాపం ఇంకొకరి మీద పడుతుందా?

అది 2002. రాయదుర్గంలో మా చర్చి వెనకున్న రేకుల గదిలో ప్రతి శనివారం నేను డాక్ట్రిన్ క్లాసు చెప్పేదాన్ని. డాక్ట్రిన్ అంటే సిద్ధాంతం. క్రైస్తవులు ఏం నమ్ముతారు, ఎందుకు నమ్ముతారు అన్నది కారణాలతో సహా నేర్చుకోవడం. గుమ్మఘట్ట వైపు పల్లెల్లో చిన్న చిన్న సంఘాలు నడిపే కాపరులు నా విద్యార్థులు. వారమంతా కూలికి పోయి ఆదివారం ప్రసంగం చేసేవాళ్లు. సగం మందికి ఇంట్లో మాట కన్నడం. ఊరు వదిలి ఏళ్ల తరబడి చదివే వీలు వాళ్లకు లేదు. అందుకే నేను బెంగళూరులో చదివిన థియాలజీని నాకు చేతనైన తెలుగులో వాళ్ల ముందు పెట్టేదాన్ని.

ఆ ఏడు మొదటి పాఠం ఆంత్రొపాలజీ, అంటే దేవుని ఎదుట మనిషి ఎవరు అన్నది. తర్వాత హమార్టియాలజీ. నోరు తిరగని పేరే గాని విషయం పాపం. ఆ పాపానికి ప్రాయశ్చిత్తం ఎట్లా జరిగిందన్నది అటోన్‌మెంట్. చివరిది సోటెరియాలజీ, రక్షణ. మనిషి దేని నుంచి బయటపడతాడు, ఎట్లా బయటపడతాడు అన్నది.

జూన్‌లో మొదటి క్లాసు నడుస్తుండగా ఒక పెద్దాయన గుమ్మంలో నిలబడ్డాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, నెరిసిన పొట్టి జుట్టు. ఆయన్ను చూడగానే నా విద్యార్థుల్లో నలుగురైదుగురు లేచి నిలబడ్డారు. నేను వస్తే కూడా అంత తొందరగా లేవరు.

"ఈడ పాపం గురించి చెప్తారంట, నిజమేనా మా?" అన్నాడాయన.

"చెప్తామన్నా. మీరు?"

"తిమ్మారెడ్డి అంటారు. గుమ్మఘట్ట పక్కనే మా పల్లె. ముందే చెప్తాండా, నేను మీ మతంలోకి వచ్చేకి రాలేదు. వినేకి వచ్చినా. కూర్చోమంటే కూర్చుంటా, పొమ్మంటే పోతా."

కూర్చోమన్నాను. వెనక బెంచీలో దేవదానం పక్కన కూర్చున్నాడు. దేవదానం నా విద్యార్థుల్లో చురుకైనవాడు. అతని తండ్రి జీవితమంతా తిమ్మారెడ్డి వాళ్ల చేలల్లోనే పనిచేశాడని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు దేవదానం బెంచీ కొసకు జరిగి, ఒక కాలు నేల మీద ఊతగా పెట్టుకుని క్లాసంతా విన్నాడు.

నాకు కుతూహలం పట్టుకుంది. అన్నేళ్లలో ఒక రెడ్డి రైతు మా క్లాసుకు రావడం అదే మొదలు. ఎందుకొచ్చినట్టు? రాజకీయమా? ఎవరైనా పంపారా? అడిగితే నవ్వి, "వాన పడితే రాను మా. పదునైతే చెనిక్కాయ విత్తనం వేయల్ల గదా" అన్నాడు. ఆ ఏడు వేరుశనగ విత్తేంత వాన పడలేదు. ఆయన ప్రతి శనివారం వచ్చాడు.

ఆంత్రొపాలజీలో మొదటి మాట, మనిషిని దేవుడు తన పోలికలో చేశాడన్నది. ఆయన చెయ్యెత్తాడు.

"అందరినీనా?"

"అందరినీ."

"కూలోల్లను, రైతుల్ను?"

"ఆడవాళ్లను కూడా" అన్నాను. క్లాసులో చిన్న నవ్వు లేచింది. ఆయన నవ్వలేదు. పక్కనున్న దేవదానాన్ని తల తిప్పి, కొత్తగా చూసినట్టు ఒకసారి చూశాడు. తర్వాత అడిగాడు, "పుట్టిన బిడ్డను కూడా?"

"పుట్టిన బిడ్డను కూడా."

తలూపి ఊరుకున్నాడు. ఆ ప్రశ్న వెనక ఏముందో అప్పుడు నాకు తట్టలేదు.

పాపం పాఠం మొదలయ్యాక ఆయన ఊరుకోలేదు. ఈ పాఠంలో ఒరిజినల్ సిన్ అనే మాట వస్తుంది. జన్మపాపం అంటాం. మొదటి మనిషి ఆదాము తప్పు చేసినందువల్ల ఆ చెడు మనుషులందరికీ పుట్టుకతోనే అంటింది అన్న బోధ. నేను అది చెప్పి ముగించకముందే తిమ్మారెడ్డి లేచి నిలబడ్డాడు.

"విత్తనంలోనే తెగులుంటే చెట్టును తిట్టి ఏం లాభం మా? ఆ యప్ప ఎప్పుడో తప్పు చేసినాడు. ఇప్పుడు పుట్టినోడు ఏం చేసినాడు?"

"పుట్టినవాడు పెరిగాక తనూ తప్పు చేస్తాడు కదన్నా. ఆ గుణం లోపలే ఉంది అని అర్థం."

"పెరిగితే గదా! పెరగకనే పోతే?"

దేవదానం అందుకున్నాడు. "అందరూ పాపులే అని వాక్యంలో ఉండాది గదా టీచర్. అందరూ అంటే అందరే."

"కన్ను కూడా సరిగ్గా తెరవనోడు, పాలు తాగేకి కూడా శాతగానోడు, వాడూ పాపేనా?" తిమ్మారెడ్డి గొంతు పెరిగింది. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

క్లాసు వదిలాక చూస్తే వరండా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను.

"ఏ బిడ్డ గురించన్నా మీరు అడుగుతున్నది?"

ఆయన వీధిలో గొర్రెల మంద ఒకటి పోతుంటే అది దాటేదాకా చూశాడు. తర్వాత చెప్పాడు.

కూతురు సుజాత టీచరు ట్రైనింగులో కలిసి చదివిన క్రైస్తవ పిల్లవాణ్ణి పెళ్లి చేసుకుంది. ఇద్దరూ పామిడిలో బడి పంతుళ్లు. పెళ్లయినప్పట్నుంచి తండ్రి గడప తొక్కనివ్వలేదు. ఈ ఎండాకాలం ఆమెకు కొడుకు పుట్టాడు. నెల తిరక్కుండానే పోయాడు. అప్పుడు వెళ్లాడు తిమ్మారెడ్డి.

"మా సుజాత పాప ఏడ్చల్యా మా. గోడకు ఆనుకొని కూర్చోనుండె. నన్ను చూసి ఒగటే మాట అడిగె. నాయనా, నా బిడ్డ యాడ ఉండాడు? అని. ప్రార్థనకు వచ్చిన పెద్దామె ఎవురో అన్నాదంట, బాప్తిస్మం ల్యాకుండా పోయినాడు, పాపంలోనే పోయినాడు అని. నాకేం తెలుసు ఈ బాప్తిస్మాలు? నేనేం చెప్తా? చదువుకొని వచ్చి చెప్తానంటి. అందుకే వస్తాండా."

అప్పటిదాకా నాకది సిలబస్. ఏ అధ్యాయం ఎన్ని వారాల్లో ముగించాలన్నదే నా లెక్క.

ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ విషయంలో సంఘాలన్నీ ఒక మాట మీద లేవని, పసిబిడ్డకు బాప్తిస్మం తప్పనిసరి అనేవాళ్లు ఉన్నారని, పుట్టుకతో వచ్చిన బలహీనత వేరు, తెలిసి చేసిన తప్పు వేరు, శిక్ష రెండోదానికే అనేవాళ్లూ ఉన్నారని. నేను రెండో పక్షం. ఊహ తెలియని బిడ్డ దేవుని చేతుల్లో క్షేమంగా ఉంటాడని నేను నమ్ముతాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. "నన్ను సముదాయించేకి చెప్తాండావా, నిజంగా అట్లే ఉండాదా?"

"నేను నమ్మేది చెప్పానన్నా. పైకెక్కి చూసొచ్చింది కాదు."

"ఆ మాట బాగుండాది" అన్నాడు. "ఐతే మిగతాది కూడా చెప్పు. సగం విని పోతే ఆ పాప ఇంగొకటి అడుగుతాది. నా కాడ జవాబుండల్ల."

అట్లా అటోన్‌మెంట్ పాఠాలకూ వచ్చాడు. మనిషి పాపానికి పడాల్సిన శిక్షను క్రీస్తు తన మీద వేసుకున్నాడన్నది అందులో ముఖ్యమైన బోధ. సబ్‌స్టిట్యూషన్, అంటే ఒకరికి బదులు ఇంకొకరు. ఆయన ఒప్పుకోలేదు.

"ఒగని దెబ్బలు ఇంగొగడు తింటే అది న్యాయమెట్లైతాది మా?"

జవాబు నేను వెతుక్కుంటుండగా దేవదానం లేచాడు. ఈసారి నేల చూస్తూ చెప్పాడు.

"మా యన్న చిన్నప్పుడు మీ తోటలోకి పోయే నీళ్లు తెంపినాడని మీ నాయన కట్టె తీసుకొని వచ్చినాడు రెడ్డీ. మా నాయన అడ్డమొచ్చి, నేనే తెంపినా అన్యాడు. దెబ్బలు ఆయనే తినె. న్యాయం కాదు. కానీ మా యన్న మళ్లా నీళ్ల జోలికి పోలేదు."

తిమ్మారెడ్డి దేవదానం వైపు తిరిగాడు.

"నాకు గుర్తుండాది. నేను ఆడే ఉంటి." మళ్లీ ఆగి, "ఐతే కొట్టినోనిదే తప్పు గదప్పా. మీ దేవుడు కొట్టినోడా, తిన్నోడా?"

ఈ ఒక్క ప్రశ్న మీద పండితులు వందల ఏళ్లుగా వాదించుకుంటున్నారు. నాకు తెలిసినంతలో చెప్పాను. "కొట్టేవాడు ఒకడు, తినేవాడు వేరొకడు అనుకుంటే అన్యాయమే అన్నా. తీర్పు చెప్పాల్సినవాడే దిగివచ్చి ఆ దెబ్బ తన మీద వేసుకున్నాడు అని మేము నమ్ముతాం."

"ఊఁ" అన్నాడు. నమ్మినట్టూ కాదు, నమ్మనట్టూ కాదు. క్లాసు అయ్యాక ఆయనా దేవదానమూ గుమ్మఘట్ట బస్సు కోసం కలిసి నడవడం చూశాను. మాట్లాడుకున్నారో లేదో తెలియదు.

ఆ తర్వాతి వారం నన్ను పామిడికి రమ్మన్నాడు. "నేను చెప్పేది తప్పైతే నువ్వు దిద్దల్ల" అన్నాడు. సుజాతకు బడి లేని రోజు చూసుకుని, బస్సులు మారి వెళ్లాం. పెన్న ఏటి దగ్గర రెండు గదుల అద్దె ఇల్లు. అల్లుడు మాకు కుర్చీలు వేసి తాను గుమ్మం పక్కన నిలబడ్డాడు. మామ అతని వైపు చూడలేదు.

సుజాత సన్నగా, తండ్రి కళ్లతో ఉంది. తిమ్మారెడ్డి గొంతు సవరించుకుని తాను విన్నదంతా తన మాటల్లో చెప్పాడు. తెగులు లోపలుండడం వేరు, తెలిసి తప్పు చేయడం వేరు అన్నాడు. బిడ్డ తెలిసి ఏ తప్పూ చేయలేదన్నాడు. వాణ్ణి చేసినోని చేతుల్లోనే వాడున్నాడన్నాడు. "కొందరు కాదంటారంట. ఈ టీచరమ్మ అవునంటాది. నాకూ అదే సరి అనిపిస్తాండాది" అని ముగించాడు. నేను దిద్దాల్సింది ఏమీ లేకపోయింది.

సుజాత అంతా విని నెమ్మదిగా అంది. "అది సరే నాయనా. వాడు యాడుండాడో దేవునికి తెలుసు. ఎందుకు పోయినాడో చెప్పు. నిన్ను కాదని వచ్చినందుకేనా? నేను చేసిన దానికేనా వాడు పోయింది?"

తిమ్మారెడ్డి చేతిలో తువ్వాలు మెలితిప్పాడు. తర్వాత నా వైపు తిరిగి, కూతురికి చెప్పాల్సింది నాకు చెప్పాడు.

"ఇల్లు దాటి పోతాంటే నేను ఒగ మాట అంటి మా. నీ కడుపు చల్లగుండదు పో, అంటి. కన్న కూతుర్ని. ఆ మాటే పోయి తగిలినాదేమో ఆ బిడ్డకు."

అప్పుడు అర్థమైంది నాకు. ఆదాము తప్పు బిడ్డలకెందుకు అంటుతుందని, ఒకరి దెబ్బ ఇంకొకరి మీదెందుకు పడుతుందని అన్ని వారాలుగా ఆయన అడుగుతున్నది ఈ ఒక్క మాట గురించి.

సిలబస్ పక్కన పెట్టి వాళ్లకు సువార్తల్లోని ఒక సంగతి చెప్పాను. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు యేసును అడుగుతారు, వీడు ఇట్లా పుట్టడానికి పాపం చేసిందెవరు, వీడా, వీడి తల్లిదండ్రులా అని. ఆయన, వీడూ కాదు, తల్లిదండ్రులూ కాదు అంటాడు.

తిమ్మారెడ్డి చటుక్కున తలెత్తాడు. "అట్లా అన్యాడా?"

"అన్నాడు."

"ఇన్ని వారాలు కూర్చోబెట్టి, ఇది ముందే ఎందుకు చెప్పల్యా మా?"

"మీరు అడిగింది జన్మపాపం గురించి కదన్నా."

"నేను అడిగింది ఇదే" అన్నాడు.

సుజాత లేచి వచ్చి తండ్రి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. "ఆస్పత్రిలో నీ మాట గుర్తొచ్చింది నాయనా. నిన్ను తిట్టుకోలేదు. నీ మాట వినల్యాని నన్నే తిట్టుకున్నా."

"కోపంలో అన్న మాట తల్లీ అది. అట్లాంటి మాటలు విని పసిబిడ్డను తీసకపోతే వాడు దేవుడెట్లైతాడు?" అన్నాడు ముసలాయన. అప్పుడు ఏడ్చింది సుజాత. బిడ్డ పోయాక అదే మొదటిసారి అని అల్లుడు నాతో తర్వాత చెప్పాడు. తిమ్మారెడ్డి ఆమె తల మీద చెయ్యి పెట్టి అట్లాగే ఉండిపోయాడు. కొంతసేపటికి గుమ్మం వైపు చూసి, మొదటిసారి అల్లుణ్ణి పలకరించాడు.

"ఏమప్పా, అన్నం తిన్నావా?"

తర్వాతి శనివారం ఆయన రాడనుకున్నాను. వచ్చాడు. రక్షణ పాఠమంతా విన్నాడు, ప్రశ్నలు అడిగాడు, కొన్నింటికి తృప్తి పడలేదు. బాప్తిస్మం తీసుకోలేదు. కూతురూ అల్లుడూ పల్లెకు వచ్చిపోతున్నారని దేవదానం ద్వారా తెలిసేది. ఈ సంగతి విన్నవాళ్లు, ఆయన రక్షణ పొందినట్టేనా అని నన్ను అడుగుతారు. తెలియదంటాను. నా చదువులో తెలియదు అనడానికీ చోటుంది.

ఈ అనుభవం నా పాఠం చెప్పే పద్ధతిని మార్చింది. అంతకుముందు ప్రశ్న రాగానే జవాబు వెతికేదాన్ని. ఎవరు ఏమన్నారు, ఏ సంఘం ఏ పక్షం అని. ఇప్పుడు ఎవరైనా పాపం గురించి గట్టిగా వాదిస్తుంటే ముందు వాళ్లను వరండాలోకి తీసుకుపోయి కూర్చోబెడతాను. సిద్ధాంతం అడిగేవాళ్లలో చాలామంది ఎవరో ఒక మనిషిని మనసులో పెట్టుకుని వస్తారు. ఆ మనిషి పేరు తెలిసేదాకా నేను చెప్పేది సరైన జవాబే కావచ్చు. వాళ్లు అడిగినదానికి మాత్రం కాదు.