అమ్మమ్మ నానబెట్టిన కళ్ళు

మా అమ్మమ్మ సరేనంటే గానీ ఆకాశంలో చుక్కలు పొడవవు. ఊరవతల పాత కోటకు కాపలా ఆవిడే. చుక్కలు చూడవచ్చినవాళ్ళ చేత దీపాలన్నీ ఆర్పించి, "కళ్ళు చీకట్లో కాసేపు నాననివ్వండి. నానని శనగలు ఉడుకుతాయా?" అంటూ కళ్ళు మూయిస్తుంది. పొర కమ్మి తనకే చుక్కలు కనబడక ఏళ్ళయిందని మాత్రం నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆపరేషనయ్యాక నిన్ననే కంటికట్టు విప్పారు. ఇవాళ చీకటి పడగానే కోటగోడ మీద వెల్లకిలా పడుకుని, తన కళ్ళు తనే నానబెట్టుకుంది. రాళ్ళలో పగటి వెచ్చదనం ఇంకా మిగిలే ఉంది. గాలి కూడా మునివేళ్ళ మీద నడుస్తోంది. ఆవిడ మెల్లగా కళ్ళు తెరిచింది.

నేను ఉండబట్టలేక మీదికి వంగాను. "అమ్మమ్మా, కనబడుతున్నాయా?"

"నీ బుర్రకాయ కనబడుతోంది. అడ్డం లే!"