మూడు బావుల పప్పు

ఎనభైల చివర్లో రేపల్లె దగ్గర, కృష్ణానది మధ్యనున్న ఒక లంక బడిలో సైన్సు మాస్టారిగా చేరాను. లంకవాళ్ళకేం తెలుసులే అన్న తెనాలి పొగరు రోజూ నాతోపాటే పడవెక్కి రేవు దాటేది. మధ్యాహ్నం భోజనం మాత్రం ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె తన ఇంటి నుంచి తెచ్చిపెట్టేది.

బాపట్లలో సైన్సు ఫెయిర్ ఉందని కబురొచ్చింది. ఆ అమ్మాయి మూడు గిన్నెలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"మూడు బావుల నీళ్ళతో ఒకే కందిపప్పు, ఒకే సేపు ఉడికించానండి. ఉప్పుబావి నీళ్ళలో ఉడకలేదు చూడండి సార్."

"ఇది వంటమ్మా, సైన్సు కాదు," అన్నాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. తెనాలిలో థర్మోకోల్ కొనుక్కొచ్చి, అగ్నిపర్వతం చేసి, దాని గురించి ఆమె చేత బట్టీ పట్టించాను.

ఫెయిర్‌లో జడ్జిగా వచ్చినాయన అడిగాడు: "మీ లంకలో అగ్నిపర్వతం ఉందా అమ్మా?"

"లేదండి," అని నా వైపు చూసింది. నేను మొహం తిప్పుకున్నాను.

మర్నాడు క్యారేజీ విప్పితే పప్పు పలుకుగా ఉంది. "ఏంటిది, ఉడకనేలేదు?" అని కసిరాను.

"నిన్న బాపట్ల నుంచి వచ్చేసరికి పొద్దుపోయిందండి. మంచినీళ్ళ బావి ఊరి చివర కదండి, వెళ్ళలేకపోయాను. అమ్మ మా ఇంటి ఉప్పుబావి నీళ్ళే పోసిందండి. మేం రోజూ ఇలాగే తింటామండి. ఆ మంచినీళ్ళు మీ పప్పుకేనండి."

ఏడాదిగా ఆ మెత్తటి పప్పు తింటూ, లంకలో కందులు మంచివని అందరికీ చెప్పుకున్న సైన్సు మాస్టారిని నేను.