లడ్డూకి చలిమిడి పెట్టిన వైనం

కడుపుతో ఉన్నవాళ్ళ నడక చూసి ఎన్నో నెలో చెప్పేస్తానని భిలాయి స్టీల్ ప్లాంట్ క్వార్టర్లలో మా వీధంతా నన్ను నమ్మేది. ఆ పేరును ఒక్క కుందేలు మట్టిలో కలిపింది. ఎలాగో చెబుతాను, నవ్వనని ముందు మాటివ్వండి.

తొంభైల నాటి మాట. పక్క క్వార్టర్ పైడమ్మ వదిన చుట్టాల పెళ్ళికని విజయనగరం వెళ్తూ తన కుందేలు లడ్డూని పదిరోజులకు నాకప్పగించింది.

"ఇది పెద్దజాతి వదినా. గడ్డీ నీళ్ళూ, అంతే. ఇంకేటీ పెట్టకు. నా ప్రాణమే నీ చేతిలో పెడతన్నాను," అంది.

కుందేలంటే బుట్టలో ఒదిగే దూది ఉండని కదా మనకు తెలుసు. ఇదేమో మేకపిల్లకు చెవులు సాగదీసినట్టుంది. ఆ చెవులే జానెడు. నడుము బోర్లించిన మూకుడు. గడ్డం కింద తువ్వాలు చుట్టినట్టు ముడత. పొట్ట నేలకు రాసుకుంటోంది. ముగ్గుర్ని కన్నదాన్ని, నాకు తెలియదా? నెలలు నిండాయని తేల్చేశాను. దిష్టి తగులుతుందని వదిన దాచిందనుకున్నాను.

ఆలూ లేదు, చూలూ లేదు, ఆరు పిల్లలకు ఆరు ఇళ్ళు! సాయంత్రానికల్లా వీధిలో పంపకాలైపోయాయి. కోహ్కాలో ఉన్న మా ఆడపడుచుకు కూడా ఒకటి రాసిచ్చేశాను.

పాపం, కడుపుతో ఉన్న పిల్ల, అయినవాళ్ళు దగ్గర లేరు. చలిమిడి పెట్టకపోతే కడుపు చలవ ఎక్కడిది? తడిపిండి, బెల్లం పాకం, నెయ్యి కలిపి నిమ్మకాయంత ఉండ పెట్టాను. మూతి నాక్కుంటూ తినేసి నావైపు చూసింది. అడిగాక లేదనడం మర్యాదా? ఇంకోటి పెట్టాను.

మర్నాడు లడ్డూ గడ్డి ముట్టలేదు. మూలన ముడుచుకుని పళ్ళు కొరుకుతోంది. నొప్పులే అనుకుని పాత చీర పరిచి, వేణ్ణీళ్ళు కాచాను. మధ్యాహ్నమైనా ఏమీ లేదు. ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చిన మా ఆయన దాన్ని చూసి, ఏటి పెట్టినావని ఒక్కటే అడిగారు. నా మొహం చూసి ఆటో పిలిచారు.

పవర్ హౌస్ దగ్గర పశువుల డాక్టరు దాన్ని తిరగేసి చూశాడు.

"దీదీ, యే తో నర్ హై."

మగది.

బెల్జియం దేశంలో ఫ్లాండర్స్ అనే సీమలో, ఎప్పుడో మాంసానికీ బొచ్చుకీ పెంచిన జాతట. ఆరేడు కిలోలు తూగడం దాని ఒడ్డూ పొడుగూ తప్ప నెలలు కాదట. గడ్డం ముడత ఎక్కువగా ఆడవాటిదే అయినా, బాగా తిన్న మగవాటికీ వస్తుందట. మహా మెతక జాతట, ఎవరేం చేసినా ఓర్చుకుంటుందట. ఆ మాట నాకేసి చూసి మరీ అన్నాడు. పిండీ తీపీ పడక పేగులు ఆగిపోయాయనీ, కదలకపోతే బతకదనీ చెప్పి మందు పోశాడు.

రెండు రోజులు దాన్ని ఒళ్ళో పెట్టుకుని పొట్ట నిమిరాను. వదిన మొహమే కళ్ళ ముందు ఆడేది. నా పిల్లలకు కూడా అన్ని మొక్కులు మొక్కలేదు.

మూడోనాడు పొద్దున్నే వసారాలో పెంటికలు బఠాణీల్లా రాలాయి. ఆనందం పట్టలేక గేటు దగ్గరికి పరిగెత్తి, "అయిపోయింది, గండం గడిచింది," అని అరిచాను.

బుట్టలు పట్టుకుని వీధంతా వచ్చేసింది. ఎన్ని పుట్టాయని అడిగారు.

"చేటెడు," అన్నాను.

వదిన వచ్చాక దాచకుండా అంతా చెప్పాను. లడ్డూని ఎత్తుకుని నుదురు వాసన చూసుకుంది. అప్పుడంది:

"మా ఆయన పొట్ట కూడా రోజూ చూస్తన్నావు కదా వదినా. ఆయనకేటి వండుతన్నావో ముందే చెప్పీ."

ఆ పూటే దీపం సాక్షిగా ఒట్టేసుకున్నాను. డాక్టరు కాగితం మీద రాసిస్తే తప్ప ఇక ఈ జన్మలో ఎవరికీ నెల చెప్పను. ఆడవాళ్ళకైనా, కుందేళ్ళకైనా, పైడమ్మ వదిన మొగుడికైనా.