సోడియం పొగ దిగింది

సెలవుకి పాడేరు వచ్చి, పెరట్లో అమ్మతో కలిసి కాఫీ పండ్ల తొక్క తీస్తుండగా నేను పనిచేసే ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. అణు రియాక్టర్‌లో పెద్ద ప్రమాదం జరిగి, దాన్ని చల్లబరిచే సోడియం మండితే, రేడియోధార్మిక ధూళి ఆ పొగతో పాటు బయటికి రావచ్చు. పొగ రేణువులు ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి, ఆ ధూళితో సహా చాలావరకు రియాక్టర్ భవనం లోపలే నేలకి దిగిపోతాయని నేను లెక్కకట్టాను. మా పెద్దసారు నమ్మలేదు. మూసిన గదిలో మామూలు సోడియం మండించి చూసి, ఆయనే ఫోన్ చేశారు.

"నీ లెక్కే నిజమైందమ్మా!"

నేను ఎగిరి గంతేశాను.

"ఏటయిందే గుంటా?" అంది అమ్మ.

"పొగ దిగిపోయిందమ్మా! అలాటి ప్రమాదమొస్తే ఊళ్ల మీదకి విషం తక్కువొస్తాది."

"అయితే గెలిసేసినావే!" అంటూ అమ్మ గుజ్జు చేతులతోనే నన్ను హత్తుకుని, ఇరుగుపొరుగు వాళ్లందరినీ కేకేసింది.