ఎర్రచేప చెవిరాళ్లు

ఒక ఫ్రీజరు నిండా రెండు వందల నలభై ఎర్రచేప తలలు. వాటిలో ఉండాల్సిన నాలుగు వందల ఎనభై చెవిరాళ్లు. ఒక ఏడాది కష్టం. మా మేడం ఉద్యోగం, దాంతోపాటు నాదీ. పోయినవాటిని ఇలా వరసబెట్టి లెక్కపెట్టుకోవడం మానేశాననే అనుకున్నాను గాని, మొన్న ఆదివారం పాయా లేబర్‌లో ఒక హోటల్లో చేప తల కూర మట్టిచట్టిలో పొగలు కక్కుతూ బల్ల మీదికి రాగానే నా చెంచా తనంతట తానే పుర్రె ఎముకల్లోకి దిగింది. మా అమ్మాయి అటూ ఇటూ చూసి, ఇక్కడి యాసలో, "నాన్నా, ప్లీజ్ లా, అందరూ చూస్తున్నారు" అంది.

చేప పుర్రె లోపల, చెవుల్లో ఉండే ఆ తెల్లటి రాళ్లు మన వయసువాళ్లకి తెలిసే ఉంటాయి. పులుసు తింటూ తల చీకుతుంటే పంటికింద పడేవి, తిట్టుకుంటూ పక్కన ఉమ్మేసేవి. ఆ రాయిని సగానికి విరిచి, మంట మీద కాస్త కాల్చి, నూనె చుక్క పెట్టి మైక్రోస్కోపు కింద చూస్తే ఏడాదికొకటి చొప్పున వలయాలు కనిపిస్తాయి. పదో తరగతి తప్పి, ఊరొదిలి ఈ దేశంలో షిప్‌యార్డుకి వచ్చి, స్టోరులో బోల్టులు లెక్కపెడుతూ లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నవాణ్ణి నేను. సముద్రజీవుల మీద పరిశోధన చేసే మా మేడం, విశాఖపట్నం ఆవిడ, నన్ను సైన్స్ పార్క్‌లోని తన ల్యాబుకి తీసుకెళ్లి ఆ వలయాలు లెక్కపెట్టే పనిలో పెట్టారు. ముసలి తల్లిచేప పెట్టినన్ని గుడ్లు పడుచుచేప పెట్టలేదట. అలాంటివి మాకు తలలు తెచ్చే పడవలు తిరిగే నీళ్లలో ఇంకా మిగిలాయా అన్నదే ఆవిడ ప్రశ్న. పదిహేనేళ్లు నిండినవి పన్నెండన్నా దొరికితేనే రిపోర్టులో వాటి గురించి ఒక మాట రాయగలం. రిపోర్టు లేకపోతే ప్రాజెక్టు మూత, ప్రాజెక్టు మూత పడితే మేడం ఇక్కడ ఉండి పనిచేసుకునే పాసు కూడా అంతే.

చైనీస్ న్యూ ఇయర్ సెలవుల్లో కరెంటు ట్రిప్పయి ఫ్రీజరు ఆగిపోయింది. కంపు భరించలేక భవనం వాళ్లు తలలన్నీ సంచుల్లో కట్టి చెత్తబండికి ఇచ్చేశారట. తల కుళ్లినా రాయి కుళ్లదు, చెత్తలోంచైనా ఏరుకునేవాళ్లం, కాని ఈ ఊళ్లో చెత్త కాల్చేస్తారు. మేడం ఆ ఖాళీ ఫ్రీజరు తలుపు పట్టుకుని నిలబడిపోవడం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. ఆవిడ ఏడవలేదు, ఏడిస్తే నాకు కొంచెం నయంగా ఉండేది.

రిపోర్టుకి నాలుగు నెలలే గడువు. టోవా పాయో మార్కెట్లో ఆ పడవల చేప అమ్మే చైనీస్ ఆంటీ దగ్గరికి పరిగెత్తాను. ఎర్రచేపకి ఇక్కడ కండ కన్నా తలకే గిరాకీ. "తలలన్నీ కూర షాపులవాళ్లు ముందే చోప్ చేసి పెట్టుకున్నారు లా!" అని ఆవిడ చెయ్యి ఊపేసింది. అప్పుడు మేడం ఒక మాటన్నారు. తలలు దొరక్కపోతే పోనీ, తిన్నవాళ్ల కంచాలు దొరుకుతాయి కదా, ఉడికిస్తే వలయాలు చెరిగిపోవుగా అని.

అలా మొదలైంది మా ఎంగిలి వేట. ఆ ఆంటీ దగ్గరే తలలు కొనే తమిళ కూర షాపు పెద్దాయన్ని బతిమాలుకుని, ఆయన వంటింటి వెనక ప్లేట్లలోంచి ఎముకలు ఏరేవాళ్లం. డాక్టరేటు చేసిన మనిషి మోచేతుల దాకా పసుపు పులుసుతో కూర్చుని పుర్రెలు చీల్చడం చూసి, తినేవాళ్లు బల్లలు మారిపోయేవారు. ఆదివారాలు అక్కడికే తినడానికొచ్చే మా షిప్‌యార్డు శ్రీకాకుళం వాళ్ల చేతుల్లో నేను రాళ్లు వేసివ్వమని ఖాళీ ప్లాస్టిక్ పొట్లాలు పెట్టేవాణ్ణి. వాళ్లలో పెద్దాయన ఒకాయన, "ఒరే, అన్నంలో రాయొస్తే వంటోణ్ణి తిట్టేవోళ్లం, ఇప్పుడు రాయి రాకపోతే తిడుతున్నాం కదరా" అని నవ్వి, నోట్లోంచి తీసిన రాయిని తుడిచి మరీ ఇచ్చేవాడు. మా ఆవిడ మాత్రం ఆ నాలుగు నెలలూ నా చొక్కాలు వేరే బకెట్టులో నానబెట్టింది.

గడువుకి వారం ముందే రెండు వందల నలభై తలల రాళ్లూ పూర్తయ్యాయి. కాని పదిహేను నిండినవి నాలుగే వచ్చాయి. ఒకదానికి పద్నాలుగు వలయాలు, అంచున ఏదో నీడలాంటిది. దాన్ని వలయమనుకోవాలని నాకెంత ఆశ పుట్టిందో చెప్పలేను. మేడం నా భుజం మీదుగా వంగి చాలాసేపు చూసి, "కాదయ్యా, అది నీడే" అన్నారు.

ముసలివి లేకపోవడమే జవాబు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కాని అది ఎలా రాస్తాం? మిగతావి సముద్రంలోనే లేవో, తగలబడిపోయిన తలల్లో ఉన్నాయో తేల్చి చెప్పే దారి మాకు లేదు. రిపోర్టు అసంపూర్ణమన్నారు. ల్యాబు మూసేశారు. మేడం విశాఖపట్నం వెళ్లిపోయారు, నేను మళ్లీ స్టోరులో బోల్టుల దగ్గరికి చేరాను.

అప్పటినుంచీ తల కూర ఎక్కడ తిన్నా రాళ్లు జేబులో వేసుకొస్తాను. కొవ్వొత్తి మీద కాల్చి భూతద్దంతో చూసుకుంటాను. ఒకప్పుడు చట్టి అంచు దాటి బయటికి చూసే తల ఇప్పుడు మూత కింద అణిగి ఉంటోంది, ఇద్దరికి చాలేది ఒకరికే సరిపోతోంది, ఆరు వలయాల రాయి దొరికితే పండగే అవుతోంది. పెద్దవి పోయాయని మనవాళ్లెవరూ అనుకోరు, తల ధర పెరిగిందనే అనుకుంటారు.

మేడం ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోనులో ఒక్క మాట రాస్తారు, "పన్నెండుకి ఇంకా ఎన్ని?" అని. మొన్న పాయా లేబర్ నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, ఆ రెండు రాళ్లూ కాల్చి చూసి ఎప్పటి జవాబే రాశాను. ఎనిమిది.