ఎల్, ఈ ఉన్న ఐదక్షరాల మాటలు

నిన్న కుక్కర్‌కు కొత్త రబ్బరు తెచ్చి కవరు చింపగానే ఘాటు వాసన గుప్పుమంది. చేతిలో పని ఆగిపోయింది. బొగ్గుగని స్టోరులో ఉదయం తలుపు తీసినప్పుడు సరిగ్గా ఇదే వాసన వచ్చేది. ఆ వాసనలో కుర్చీ వేసుకుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని కూర్చునే వనమాల మేడం కనిపించింది. మీరెవరూ ఆమెను చూడలేదు. ఇక చూడలేరు కూడా, పోయి చాలా ఏళ్లయింది. చాలా మంచిదని మొదలుపెట్టను. కోపిష్టి. ఉప్పు తక్కువైతే టిఫిన్ డబ్బాను కూడా తిట్టేది.

మా ఆయన గనిలో పోయాక ఆయన బదులు ఉద్యోగం నాకిచ్చారు. కొడుకు ఊళ్లో మా అమ్మ దగ్గర ఉండేవాడు. అప్పటికి నాకు ఏ భాషలోనూ అక్షరం రాదు. పైన కన్వేయర్ బెల్టు దగ్గర రాలిన బొగ్గు ఊడ్చడం నా పని. కొన్నేళ్లకు దగ్గు పట్టుకుంది. దుమ్ములో నుంచి బయటపడకపోతే ఊపిరితిత్తులు మిగలవని డాక్టరు చెప్పాడు. అప్పుడే స్టోరులో హెల్పర్ చోటు ఖాళీ అయింది. కానీ సామాన్ల చీటీలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. చదవగలిగిన మనిషే కావాలన్నారు.

వనమాల మేడం ఆ స్టోరుకు పెద్ద. రాజురా వైపు తెలుగు రైతుల ఇంటి పిల్ల, నాకంటే చిన్నది. చదివింది మరాఠీలో, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. పెళ్లి చేసుకోలేదు, తుకుం అనే పేటలో అద్దె గదిలో ఉండేది. ఒక మధ్యాహ్నం నీళ్లు తాగడానికి వెళ్లి సూటిగా అడిగాను.

"మేడం, నాకు సదువు చెప్తరా?"

"ఈ వయసులనా? ఏబీసీడీ అన్ని నేర్సుకునేటాలకు రిటైరైతవ్ రాజక్కా."

"అన్ని ఎందుకు? ఈడ అక్కెరకొచ్చేటియి చెప్పుండ్రి."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, లేచి, ఇనప బీరువా తలుపు మీద చాక్‌పీస్‌తో రెండు గుర్తులు వేసింది. ఒకటి గోడ మూలలా ఉంది. అది ఎల్. రెండోది పక్కకు తిప్పిన మూడు పళ్ల దంతెలా ఉంది. అది ఈ.

"ఐదు అక్షరాల మాట గావాలె. అండ్ల ఈ రెండు ఉండాలె. యాడున్నదో దేవులాడి, ఆ సామాను తెచ్చి నా చేతుల పెట్టు. ఉత్తగ మాట చెప్తే ఒప్పుకోను."

గుర్తులు పోల్చుకుంటూ అరలన్నీ తిరిగాను. మొదటిరోజు తెచ్చిందాని మీద ఆరు అక్షరాలున్నాయి. "ఐదంటే తెల్వదా?" అని తిప్పి పంపింది. రెండోసారి ఇత్తడిది ఒకటి తెచ్చాను. దాని మీద వాల్వ్ అని ఉందట.

"ఏం పని చేస్తదిది?"

"నీళ్లు ఆపుతది, ఇడుస్తది."

"గదే అర్థం. పో, ఇంకోటి తే."

ఇక నాకు పిచ్చి పట్టింది. వీల్, స్టీల్, కేబుల్, ప్లేట్, గ్లవ్, లెవెల్, ఒక్కొక్కటీ దొరికింది. ఆ రెండు గుర్తుల పక్కన ఉన్న మిగతా అక్షరాలు కూడా ఒకదాని వెంట ఒకటి చుట్టాల్లా పరిచయమయ్యాయి. అన్నిట్లోనూ ఎల్, ఈ ఎందుకున్నాయని అడిగితే "నాకేం తెల్సు, ఇంగ్లీషోన్ని అడుగు" అని కసిరింది. మర్నాడు తనే ఇంజనీరును అడిగొచ్చి, ఆయనకూ తెలియదని చెప్పింది.

హెల్పర్ పనికి నాకు పరీక్ష పెట్టడానికి గని మేనేజరు సాహెబ్ వచ్చాడు. మాట రాసిస్తే రాజక్క సామాను తెస్తుందని మేడం ముందే చెప్పింది. ఆయన రాశాడు, నేను తెచ్చాను. నాలుగైదు అయ్యాక, ముసిముసిగా నవ్వుతూ ఇంకోటి రాశాడు. చదివాను. డిలే. ఐదక్షరాలు. ఎల్ ఉంది, ఈ ఉంది. ఉత్సాహంగా లోపలికి పోయాను. అరలన్నీ చూశాను. టార్పాలిన్ ఎత్తాను. స్టూలెక్కి పై అర దులిపాను. దగ్గొచ్చింది. ఇది దొరక్కపోతే మళ్లీ దుమ్ములోకే అని మొదటి అర నుంచి ఇంకోసారి వెతికాను. చివరికి ఉత్త చేతులతో వచ్చి నిలబడ్డాను.

"సాహెబ్, స్టాకుల లేదు. తెప్పించాలె."

మేడం కళ్లజోడు తీసి కొంగుతో కళ్లు తుడుచుకుంది, నవ్వాపుకోలేక. తర్వాత సాహెబ్ వైపు తిరిగింది. "సాహెబ్, ఇందాకటి సంది గడియారం సూస్తున్నరు గద? గదే ఆ మాట. మా అక్క తెచ్చి మీ ముందర్నే పెట్టింది."

ఆలస్యం అని దాని అర్థం. సాహెబ్‌కు నవ్వు రాలేదు. నా వైపు చూసి, "లేదని చెప్పింది. ఏదో ఒకటి తెచ్చి అంటగట్టలేదు. స్టోరుకు ఇట్లాంటి మనిషే కావాలి" అని హిందీలో అనేసి వెళ్లిపోయాడు. ఆ చోటు నాకు దొరికింది, నా ఊపిరితిత్తులు అలా మిగిలాయి.

ఆయన పోగానే మేడం మీద పడ్డాను. "చేతుల వట్టని మాటలు గూడ ఉంటయని ముందుగాల ఎందుకు చెప్పలే?"

"నేను గూడ గవి ఎన్నడు ఎతకలేదక్కా," అంది. మొదటిసారి ఆమె గొంతు తగ్గింది. "పా, ఇద్దరం ఎతుకుదాం."

అప్పటి నుంచి మధ్యాహ్నాలు అదే పని. మాట ఆమె చెప్పాలి, దాన్ని నేను చూపించాలి. స్లీప్ అంటే గేటు దగ్గర కునికే వాచ్‌మన్‌ను చూపించాను. స్మెల్ అంటే కిరసనాయిలు డబ్బా మూత తీశాను. ఒకరోజు అలోన్ అని రాసింది. ఒంటరిగా అని అర్థం చెప్పింది. ఎటు చూసినా నాకు దొరకలేదు.

"దీన్ని యాడికెల్లి తేవాలె మేడం?"

"తెచ్చుడెందుకే, సాయంత్రం ఇంటికి పోతే ఇద్దరికి దొరుకుతది," అంది. మళ్లీ తనే ఆ మాట తుడిచేసి, "బస్, ఇయ్యాల మా గదికి అన్నానికి రా" అంది. వెళ్లాను. నాకు భద్రావతికి బదిలీ అయ్యేదాకా వెళుతూనే ఉన్నాను.

తెలుగు అక్షరాలు నాకు ఇంకా తర్వాత వచ్చాయి, పెన్షన్ తీసుకునే రోజుల్లో, మంచిర్యాల నుంచి వచ్చిన కోడలి దగ్గర. ఆమె పుస్తకం ముందు పెట్టి అర్థం చెబుతుంది. నేను మాత్రం కొత్త మాట కనిపిస్తే ముందు తలెత్తి చుట్టూ చూస్తాను. ఈమధ్య పన్ను నొప్పికి డాక్టరు దగ్గరికి పోతే, గోడ మీద పెద్ద అక్షరాలతో స్మైల్ అని రాసి ఉంది. ఐదక్షరాలు. ఎల్ ఉంది, ఈ ఉంది. అలవాటుగా వెతికాను. బెంచీ మీద అందరూ దవడ పట్టుకుని కూర్చున్నారు. లోపలి నుంచి ఒకామె ఏడుస్తూ వచ్చింది. నా వంతు రాగానే డాక్టరుతో అన్నాను.

"సాహెబ్, గోడ మీద రాసిండ్రు గని, మీ దవాఖానల ఆ సామాను లేదు."

ఆయన నన్నూ గోడనూ మార్చి మార్చి చూసి, పగలబడి నవ్వాడు. దొరికింది అనుకుని నోరు తెరిచాను.