నంద్యాల నుంచి వచ్చిన పెట్రోలు పంపు

తర్వాత్తర్వాత కృపావరం చాలా పంపులు బాగు చేశాడు గాని, మొదట కొన్నది నంద్యాలలో, 1956 ఎండాకాలంలో. కరెంటు పంపు వచ్చాక అక్కడి పెట్రోలు దుకాణం వాళ్లు పాతదాన్ని గోడవారకు నెట్టేశారు. మనిషికన్నా పొడుగు ఇనుప పెట్టె, పక్కన ముందుకూ వెనక్కూ కొట్టే పిడి, పైన రెండు గాజు జాడీలు. ఒక్కో జాడీ ఒక గ్యాలను. పెట్రోలు నిండడం కొనేవాడు కళ్లారా చూస్తాడు. గాజు పగల్లేదని చూసే కొన్నాడు. మిగతాదంతా తుప్పు.

ఇనుమును బండిలో వేసి, జాడీలు ఒళ్లో పెట్టుకొని ఆళ్లగడ్డ చేరాడు. భార్య లూదియా గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏందయ్యా ఇది? సమాధి రాయి తెచ్చినట్టు తెచ్చినావ్!"

"లేచి నిలబడనీ, అప్పుడు చూడు."

అప్పటిదాకా అతని చేతికి వచ్చిన పని సైకిళ్లు, కిరసనాయిలు స్టవ్వులు. మోటారు పని ఎవరూ ఇవ్వలేదు. రుద్రవరానికీ కోయిలకుంట్లకూ బస్సులు నడిపే రామేశ్వరమ్మ మాత్రం తన బస్సుల షెడ్డు ముందు పంపుకు జాగా చూపించింది. డ్రమ్ముల్లోంచి డబ్బాలతో పోస్తుంటే నేలపాలయ్యే పెట్రోలు ఆమెకు కడుపుమంట.

"శుక్రవారం దాకా చూస్తా. అది పెట్రోలు ఎత్తితే పంపూ, బస్సుల రిపేరీ నీవే. ఎత్తకపోతే పాత ఇనుమోనికి ఏసుకో. మళ్లా నా షెడ్డు తొక్కొద్దు" అంది.

కృపావరం పంపును పూర్తిగా విప్పి, ముక్కలన్నీ విప్పిన వరసలోనే గోనెపట్టా మీద పేర్చాడు. తుప్పును ఇసుకతో రుద్దాడు. లోపల పైకీ కిందికీ ఆడే తోలు వాచర్లు చేత్తో పట్టుకుంటే పొడయ్యాయి. తోలు పని అతనికి కొత్త కాదు. బావుల్లోంచి ఎద్దులతో నీళ్లు తోడే కపిల తోలు సంచులు కుట్టిన ఇల్లు వాళ్లది. ఆ తోలే కోసి, నాయన చేసినట్టే శనగనూనెలో నానబెట్టి బిగించాడు. కపిల తోలును నీళ్లలోనే పరీక్షిస్తారు కాబట్టి ఇతనూ నీళ్ల తొట్టిలోనే చూశాడు. రెండు జాడీలూ గలగలా నిండాయి.

బస్సు డ్రైవరు సుబ్బరాయుడు నవ్వాడు. "బస్సుకు కుడితి తాపుతావా అన్నా?"

గురువారం పొద్దున పెట్రోలు పెట్టారు. జాడీ సగం దాకా ఎక్కింది. ఆ తర్వాత పిడి వదులైపోయింది. ఎంత కొట్టినా గాలే.

"నీళ్లంటే నీ మాట ఇన్యాయి. ఇది ఇనదప్పా!" అన్నాడు సుబ్బరాయుడు.

కృపావరం పంపు మళ్లీ విప్పాడు. తోలు బిగుసుకుపోయి చిన్నదైంది. నూనె ఛాయ లేదు, పెట్రోలు కడిగేసింది. లూదియాను అడిగి ఇంట్లో ఉన్న నూనెలన్నీ తెచ్చి, ఒక్కోటి ఒక్కో గ్లాసులో పోసి, పైన పెట్రోలు పోశాడు.

"బీడీ ఆర్పు సుబ్బరాయుడూ, గడ్డం కాల్తాది."

శనగనూనె పెట్రోల్లో కలిసిపోయింది. నువ్వులనూనె కూడా అంతే. ఆముదం మాత్రం కలవకుండా అడుగున చిక్కగా నిలబడింది. ఇక చూడాల్సింది లేదు. కొత్త వాచర్లు కోసి, గోరువెచ్చని ఆముదంలో వేసి, తోలు పూర్తిగా తాగేదాకా ముట్టుకోలేదు.

శుక్రవారం పొద్దున రామేశ్వరమ్మ కుర్చీ వేయించుకొని కూర్చుంది. కృపావరం పిడి కొట్టాడు. పెట్రోలు గాజు వెంబడి ఎక్కి, సగం దాటి, అంచు తాకింది. పిడి మీదినుంచి చెయ్యి తీసి పక్కకు జరిగాడు. అందరూ జాడీనే చూస్తున్నారు. మట్టం వెంట్రుకంత కూడా దిగలేదు.

"బస్సుకు పొయ్!" అని అరిచింది రామేశ్వరమ్మ.

ఒక జాడీ బస్సులోకి దిగుతుంటే రెండోది నిండింది. నేల మీద చుక్క పడలేదు. రుద్రవరం పోవాల్సిన వాళ్లు బస్సు దిగి వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"ఓ తూరి నన్ను కొట్టనీ అన్నా" అని సుబ్బరాయుడు పిడి అందుకున్నాడు.

"మెల్లగప్పా! ఎద్దుల్ని తోలడం కాదిది."

రామేశ్వరమ్మ కుర్చీలోంచి లేచింది. "కృపావరం! కోయిలకుంట్ల బస్సుకు బ్రేకులు పట్టడంల్యా. ఏం చూస్తాండావ్ ఆడ? రా."

కృపావరం చేతులు గోనెకు తుడుచుకొని, పానా తీసుకొని, రెండో బస్సు కిందికి దూరాడు.